బోర్డు కంపెనీది, బాకీ మనది

పోయిన నెల ఒక తమ్ముడు మా ఇంటికొచ్చిండు. పాత కరీంనగర్ జిల్లాల మా పక్క మండలం. డిగ్రీ అయిపోయి నాలుగేండ్లయింది. గ్రూప్స్ రాసిండు, కానిస్టేబుల్‌కు ఉరికిండు, నడుమల ఫుడ్ డెలివరీ బండి గూడ నడిపిండు. చేతుల ఒక రంగురంగుల పుస్తకం, ఫోన్ల నలభై పేజీల ఇంగ్లీషు అగ్రిమెంటు పట్టుకొని వచ్చిండు.

"అన్నా, కుక్కల సెలూన్ ఫ్రాంచైజీ తీస్కుంటున్న. జిల్లా కేంద్రంల పెడత. మొత్తం 18 లక్షలు. రోడ్డు పక్క 10 గుంటలు అమ్ముతున్నం, 6 లక్షలొస్తయి. మిగిలిన 12 బ్యాంకు లోను. మా బాపు బయానా గూడ తీస్కున్నడు. ఈ కాగితం జర సదివి సంతకం పెట్టాల్నా వద్దా చెప్పు" అన్నడు.

వాళ్లకున్నదే ఎకరం 10 గుంటలు. అండ్ల రోడ్డు పక్కదే అమ్ముతున్నరు.

నేను లాయర్ను కాదు. ఎంబీఏ సదువలే. నా సదువు ధర్నాలల్ల, ఎమ్మార్వో ఆఫీసుల ముంగట, కోర్టు వరండాలల్ల అయింది. కానీ అప్పు కాగితాలు సదువుడు మాత్రం బాగ నేర్చుకున్న. రెండు రాత్రులు కూసోని ఆ నలభై పేజీలు సదివిన. అండ్ల చూసిందే ఇక్కడ రాస్తున్న, ఎందుకంటే ఈ తమ్ముడు ఒక్కడే కాదు. ఇప్పుడు మన పోరల ఫోన్లల్ల "పెట్ కేర్ ఫ్రాంచైజీ, నెలకు లక్ష ఆదాయం" అనే వీడియోలు మస్తు తిరుగుతున్నయి. కంపెనీ పేరు రాయను. అంకెలు గూడ గుర్తుపట్టకుండ జరంత గుండ్రం చేసిన. నాకు ఒక్క కంపెనీ మీద కోపం లేదు, ఈ పద్ధతి మీదనే మాట్లాడాలె.

పని ఉత్తది కాదు

ముందుగాల ఒక మాట ఒప్పుకోవాలె. కుక్కలకు స్నానం పోసుడు, బొచ్చు కత్తిరించుడు, గోర్లు తీసుడు నవ్వుకునే పని కాదు. నిజంగనే పెరుగుతున్న పని.

కరోనా లాక్‌డౌన్ల ఇండ్లల్ల కూసున్న జనం కుక్కలను, పిల్లులను మస్తు తెచ్చుకున్నరు. హైదరాబాద్ల అపార్టుమెంట్లు పెరిగినయి, అండ్ల షిట్జూలు, పగ్గులు, లాబ్రడార్లు పెరిగినయి. కొండాపూర్ల జీహెచ్ఎంసీ 2018ల కుక్కల కోసమే ఒక పార్కు కట్టింది. పెడిగ్రీ తయారుచేసే మార్స్ కంపెనీ ఫ్యాక్టరీ ఎక్కడో విదేశాలల్ల లేదు, మన సిద్దిపేట జిల్లాలనే ఉన్నది. నెస్లే అసొంటి పెద్ద కంపెనీలు గూడ కుక్కల తిండి అమ్ముతున్నయి. పెద్దోళ్లు పైసలు పెడుతున్నరంటే అండ్ల ఏదో ఉన్నట్టే.

మన ఊర్లల్ల కుక్క కొత్తది కాదు. గొర్రెల మంద వెనుక కుక్క, పొలం కాడ కుక్క, వాకిట్ల కుక్క. కానీ ఆ కుక్కకు సంకటి ముద్ద ఏస్తం గని సబ్బు పెట్టి కడగం. మనకు భయం గూడ ఉన్నది. 2023 ఫిబ్రవరిల అంబర్‌పేటల వీధికుక్కలు నాలుగేండ్ల పిలగాన్ని చంపినయి. 2024 ఫిబ్రవరిల మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌ల 20 వీధికుక్కలను తుపాకులతోని కాల్చి చంపిన్రు. ఒకదిక్కు కుక్కకు వెయ్యి రూపాయల స్నానం, ఇంకోదిక్కు కుక్కకు తూటా. ఈ రెండూ ఒక్క రాష్ట్రంలనే ఉన్నయి. వ్యాపారం పెట్టేటోడు మొదటిదాన్ని మాత్రమే చూస్తే తప్పు లెక్క ఏస్తడు. హైదరాబాద్ల ఉన్న గిరాకీ జిల్లా కేంద్రంల ఉంటదని రంగుల పుస్తకం చెప్తది. అది నిజమా కాదా తేల్చుకునేది మాత్రం మనమే.

కోళ్ల ఫారం లెక్కనే

ఫ్రాంచైజీ అంటే ఏందో అర్థం కావాలంటే మన ఊరి కోళ్ల ఫారం చూస్తే చాలు.

కంపెనీ కోడిపిల్లలిస్తది, దాణా ఇస్తది, మందులిస్తది. షెడ్డు మనది. షెడ్డు మీద లోను మనది. కరెంటు బిల్లు, నీళ్లు, ఊకపొట్టు, రాత్రి కావలి మనయే. బ్యాచ్ అయినంక కిలోకు ఇంత అని పెంపకం కూలి కంపెనీ ఇస్తది. రేటు చెప్పేది వాళ్లు. పిల్లలు సరిగ్గ రాలేదని మనం అంటే వినేటోడు లేడు. కంపెనీ వచ్చే బ్యాచ్ ఇయ్యకపోతే షెడ్డు ఖాళీగ ఉంటది, కిస్తీ మాత్రం ఆగది.

కుక్కల సెలూన్ ఫ్రాంచైజీ గూడ అట్లనే. బోర్డు మీది పేరు, రంగు, రేట్ల పట్టిక, షాంపూ, సాఫ్ట్‌వేర్ కంపెనీవి. దుకాణం కిరాయి, జీతాలు, కరెంటు, లోను, కుక్క కరిస్తే వచ్చే కొట్లాట మనవి. ఒక్కటే తేడా. కోళ్ల కంపెనీ మనకు కూలి ఇస్తది. ఇక్కడ మనమే కంపెనీకి ఎదురు కడతం. మొదలే ఫీజు కడతం, నెలనెలా రాయల్టీ కడతం.

కంపెనీకి దీంట్ల ఏం లాభమో ఆలోచించుర్రి. సొంతంగ వంద దుకాణాలు పెట్టాలంటే, ఫీజు పోను, కంపెనీ 13 కోట్లు తేవాలె. వంద మంది మనసొంటోళ్లు దొరికితే 18 కోట్లు మన జాగలు అమ్మి మనమే తెస్తం. అండ్ల ఫీజుల కిందనే ఒక్కొక్కరం 5 లక్షలిస్తే వాళ్లకు 5 కోట్లొస్తయి. అండ్ల నలభై దుకాణాలు మునిగినా కంపెనీ మునగది. దుకాణాలు నడిస్తే వచ్చే రాయల్టీ కంటె కొత్త దుకాణాలు తెరిస్తే వచ్చే ఫీజు మీదనే బతికే కంపెనీలు గూడ ఉంటయి. అసొంటోళ్లకు నీ దుకాణం నడుసుడు ముఖ్యం కాదు, నువ్వు సంతకం పెట్టుడే ముఖ్యం.

ఫ్రాంచైజీలన్నీ మోసమని నేను అంటలేను. పెద్ద పట్నంల, చేతుల పైసలున్నోడు, వ్యాపారం తెలిసినోడు మంచి బ్రాండుతోని కలిస్తే నడుస్తది. శిక్షణ దొరుకుతది, సరుకు టైముకొస్తది, గిరాకీకి నమ్మకం ఉంటది. నా మాటంతా జాగ అమ్మి, మొదటిసారి, చిన్న టౌన్ల పెట్టేటోని గురించి.

పెన్ను తీస్కొని లెక్క ఏద్దాం

ఆ తమ్మునితోని కూసోని లెక్క ఏసిన. 18 లక్షలల్ల ఫ్రాంచైజీ ఫీజు 5, ఇంటీరియర్ 7, మిషన్లు 3, సరుకు 2, డిపాజిట్ 1. మొదటి దెబ్బ అక్కడనే తగిలింది. 5 లక్షల ఫీజు మీద 18 శాతం జీఎస్టీ ఉంటది. అంటే ఇంకో 90 వేలు. అది పుస్తకంల కింద సన్నని అక్షరాలల్ల ఉన్నది.

ఇగ నెల ఖర్చు. కిరాయి 20 వేలు. గ్రూమింగ్ తెలిసిన మనిషికి 18 వేలు, హెల్పర్‌కు 10 వేలు. గీజరు, డ్రయ్యర్, ఏసీ ఉంటయి గనుక కమర్షియల్ మీటరు మీద కరెంటు 7 వేలు. సాఫ్ట్‌వేర్, ప్రచారం ఫీజు 5 వేలు. 12 లక్షల లోను 11 శాతం మిత్తితోని అయిదేండ్లకు తీస్కుంటే కిస్తీ దగ్గర దగ్గర 26 వేలు. అన్నీ కూడితే 86 వేలు. ఒక్క కుక్క రాకున్నా ఈ 86 వేలు కట్టాలె.

ఒక్క కుక్క మీద సగటున 900 వస్తయనుకుందాం, పన్ను కాకుండ. అండ్ల రాయల్టీ 8 శాతం, అంటే 72. షాంపూ, కండిషనర్, తువ్వాళ్లు కలిపి 100. మిగిలేది 728. 86 వేలను 728తోని భాగిస్తే 118 కంటె జరంత ఎక్కువ. నెలకు 119 కుక్కలు వస్తే నష్టం లేకుంట బయటపడతవ్. నీకు జీతం సున్న. నీకు 20 వేలు మిగలాలంటే 146 కుక్కలు రావాలె.

146 అంటే పెద్దదేం కాదనిపిస్తది. కానీ ఒక్క కుక్క నెలనెలా రాదు. కొన్ని నెలకోసారి, కొన్ని రెండు నెలలకోసారి వస్తయి. అంటే 220 నుంచి 290 దాక పక్కా గిరాకీ ఇండ్లు ఉండాలె. కుక్క స్నానానికి, కటింగ్‌కు తొమ్మిది వందలు పెట్టి, మల్ల వచ్చే ఇండ్లు.

"మన టౌన్ల అసొంటి ఇండ్లు ఎన్నున్నయి తమ్ముడా?" అని అడిగిన. తెల్వదన్నడు. "మరి ఆ కంపెనీకి ఎట్ల తెల్సింది?" అన్న. మాట్లాడలే.

అది తెలుసుకునుడు కష్టం కాదు. టౌన్ల పశువుల దవాఖాన కాడ వారం రోజులు పొద్దున కూసో. ప్రైవేటు వెటర్నరీ డాక్టర్ దగ్గర ఏడాదికి ఎన్ని కుక్కలకు టీకాలు ఏస్తున్నరో అడుగు. కుక్కల తిండి అమ్మే దుకాణంల నెలకు ఎన్ని పెద్ద సంచులు పోతున్నయో అడుగు. డాక్టర్లు, కాంట్రాక్టర్లు, ఉద్యోగులు ఉండే కాలనీలల్ల ఒక ఆదివారం పొద్దున తిరిగి, గేటు ఎనుక ఏ కుక్కలున్నయో లెక్కపెట్టు. బొచ్చు తక్కువున్న లాబ్రడార్‌ను జనం ఇంట్లనే పైపు పెట్టి కడుక్కుంటరు. షిట్జూ, పొమేరియన్, గోల్డెన్ రిట్రీవర్ అసొంటియి ఉంటేనే నీ దగ్గరికొస్తరు. 18 లక్షలు పెట్టేటోడు 18 రోజులు తిరగకుంటే ఎట్ల?

ఇంకో లెక్క గూడ ఉన్నది. మంచిగ స్నానం, కటింగ్ చేయాలంటే ఒక బొచ్చు కుక్కకు గంటన్నర, రెండు గంటలు పడతది. ఒక మనిషి రోజుకు నాలుగైదు కంటే ఎక్కువ చేయలేడు. ఆదివారం పది వస్తయి, మంగళవారం ఒక్కటి రాదు. జీతం మాత్రం మంగళవారానికి గూడ ఇయ్యాలె.

నలభై పేజీలల్ల ఏమున్నది

అగ్రిమెంటుల నేను పెన్నుతోని గీత గీసిన మాటలు ఇవి. మీరు ఏ ఫ్రాంచైజీ తీస్కున్నా, కుక్కలదైనా, చాయ్ దుకాణమైనా, బడి అయినా, ఇవే ఎదుక్కోవాలె.

ఫీజు వాపసు రాదు. దుకాణం తెరవకముందే మనసు మారినా రాదు.

రాయల్టీ లాభం మీద కాదు, గల్లాపెట్టెల పడ్డ ప్రతి రూపాయి మీద. నెలకు ఇంతకు తగ్గొద్దని కనీస రాయల్టీ గూడ రాసిన్రు. అంటే గిరాకీ లేని నెల గూడ కట్టాలె.

షాంపూ, మిషన్, ఇంటీరియర్ అన్నీ వాళ్లు చెప్పినోళ్ల దగ్గర్నే కొనాలె. బయట 300కు దొరికేది అక్కడ ఎంతుంటదో అగ్రిమెంటుల లేదు.

ఏరియా మనకే అని నోటితోని చెప్పిన్రు. కాగితంల లేదు. రేపు అదే టౌన్ల ఇంకో దుకాణం ఇచ్చినా అడగలేం. ఆన్‌లైన్ల వాళ్లే సొంతంగ మన గిరాకీకి సరుకు అమ్మొచ్చు.

కంపెనీ 30 రోజుల నోటీసుతోని మనల్ని తీసెయ్యొచ్చు. మనం బయటికి రావాలంటే మూడేండ్లు ఆగాలె, మధ్యల పోతే మిగిలిన నెలల రాయల్టీ కట్టాలె.

కాంట్రాక్టు అయిపోయినంక రెండేండ్లు ఇదే పని చేయొద్దని రాసిన్రు. దీనికి ఒక్క మాట గుర్తుపెట్టుకోర్రి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం మనిషిని తన వృత్తి, వ్యాపారం చేసుకోకుండ ఆపే ఒప్పందం చెల్లది. కాంట్రాక్టు అయిపోయినంక అసొంటి షరతులను మన కోర్టులు మామూలుగ ఒప్పుకోవు. ఆ సంగతి తెల్వనోన్ని మాత్రం కాగితం చూపెట్టి భయపెడతరు.

గొడవైతే ఢిల్లీల ఆర్బిట్రేషన్. అంటే మన జిల్లా కోర్టు కాదు, ఢిల్లీ పోయి, వకీలును పెట్టుకొని, అక్కడ తేల్చుకోవాలె. 50 వేల కొట్లాటకు లక్ష ఖర్చు పెట్టేటోడు ఎవ్వడు?

అన్నిటికంటె ప్రమాదం, సెక్యూరిటీ కింద సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు. ఆ చెక్కు బౌన్సయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద కేసు పెడతరు. రెండేండ్ల దాక జైలు శిక్ష ఉన్న కేసు అది. సివిల్ బాకీ కాస్తా క్రిమినల్ కేసయితది. ఖాళీ చెక్కు ఎవ్వలకీ ఇయ్యొద్దు, అన్నకైనా, బావకైనా, కంపెనీకైనా.

సర్కారు ఎక్కడున్నది?

ఇక్కడ మన సర్కార్లను అడగాలె. ఢిల్లీ సర్కారును గూడ, హైదరాబాద్ సర్కారును గూడ.

అమెరికాల 1979 నుంచి ఫ్రాంచైజీ రూల్ ఉన్నది. ఫ్రాంచైజీ అమ్మే కంపెనీ 23 అంశాల మీద కాగితం ఇయ్యాలె. కంపెనీ మీద ఏ కేసులున్నయి, మొత్తం ఖర్చెంత, ఎన్ని దుకాణాలు తెరిచిన్రు, ఎన్ని బందయినయి, ఇప్పుడు నడుపుతున్నోళ్లు, వదిలేసినోళ్లు ఎవ్వలు, వాళ్ల ఫోన్ నంబర్లేంది, అన్నీ. సంతకానికి, పైసలు కట్టుడుకు కనీసం 14 రోజుల ముందు ఆ కాగితం చేతుల పెట్టాలె.

మన దేశంల ఫ్రాంచైజీల కోసమే అంటూ ఒక్క చట్టం లేదు. కాంట్రాక్టు చట్టం, ట్రేడ్ మార్క్ చట్టం, కాంపిటీషన్ చట్టం, ఇట్ల అక్కడొక ముక్క ఇక్కడొక ముక్క. కంపెనీ తన బందయిన దుకాణాల లెక్క చెప్పాలని ఎక్కడ లేదు. వినియోగదారుల కమిషన్‌కు పోతే "నువ్వు వ్యాపారం కోసం తీస్కున్నవ్, వినియోగదారునివి కావు" అని వాళ్ల వకీలు వాదిస్తడు. బతుకుదెరువు కోసం, స్వయం ఉపాధి కోసం తీస్కున్ననని రుజువు చేసుకునే బరువు మన మీద పడతది.

పది రూపాయల బిస్కిట్ పుడ మీద బరువు, తయారీ తారీఖు, ఎక్స్‌పైరీ రాయాలని చట్టమున్నది. 18 లక్షల ఫ్రాంచైజీ మీద ఏం రాయాలనే చట్టం లేదు. నిరుద్యోగులను స్వయం ఉపాధి చేసుకోమని స్టేజీల మీద చెప్పే లీడర్లు దీని గురించి ఎందుకు మాట్లాడరు?

మన పెద్దోళ్లకు ఈమూ పక్షులు యాదికుండొచ్చు. పక్షిని కొను, పెంచు, గుడ్డు, నూనె, మాంసం మేమే కొంటమన్నరు. మన రైతులు గూడ లోన్లు తెచ్చి కంచెలు కట్టిన్రు. తమిళనాడు పెరుందురైల సుశీ ఈమూ కంపెనీ 2012ల కూలిపోయి ఏలమంది మునిగిన్రు. ఆ తర్వాత ఈమూలను కొనే దిక్కు లేక జనం మేపలేక వదిలిపెట్టిన్రు. ఈమూల తప్పేం లేదు, కుక్కల తప్పు గూడ ఏం లేదు. కొనేటోడున్నడా లేడా అని చూడకుంట, అమ్మేటోని మాట మీద పైసలు పెట్టుడే తప్పు. అందుకే "పైసలు పెట్టు చాలు, దుకాణం మేం నడిపిస్తం, నెలకు ఇంత గ్యారంటీ" అని ఏ కంపెనీ చెప్పినా ఆ ఈమూలను యాది చేసుకోర్రి.

కత్తెర పట్టుడు మనకు కొత్తనా?

ఆ తమ్ముడు కురుమ. వాళ్ల తాత దక్కని గొర్రెల బొచ్చు కత్తిరించేటోడు. గొర్రెను పక్కకు పండబెట్టి, కాళ్లు కట్టి, చర్మం కోసుకపోకుండ పెద్ద కత్తెరతోని ఉన్నంతా తీసేటోడు. ఆ ఉన్నితోని గొంగడి. ఇప్పుడు ఉన్నికి ధర లేదు, గొంగడి కప్పేటోడు లేడు. ఆ పనిని ఎవ్వలూ గ్రూమింగ్ అనలేదు, దానికి ఏసీ గది లేదు.

నాయీబ్రాహ్మణులు తరాలుగ ఊరోళ్ల వెంట్రుకలు కత్తిరించిన్రు. రజకులు బట్టలు ఉతికిన్రు. వాళ్లకు ఇచ్చింది ఏడాదికి ఇన్ని గింజలు. చిన్నచూపు మాత్రం రోజూ. అదే పని కంపెనీ బోర్డు కింద చేస్తే స్టైలిస్ట్ అంటరు, లాండ్రీ బ్రాండ్ అంటరు. పనిని చిన్నగ చూసిందీ ఈ సమాజమే, ఆ పనికి బోర్డు పెట్టి పైసలు గుంజేది గూడ ఈ సమాజంల పెద్దోళ్లే. అందుకే "కుక్కలకు స్నానం పోసుడేందిరా" అని ఎవ్వలన్న నవ్వితే పట్టించుకోవద్దు. నేను అడిగేది ఒక్కటే. పని నీ చేతుల ఉండాలె. కంపెనీ పది రోజుల ట్రైనింగ్ ఇచ్చి, పని తెలిసినోన్ని జీతానికి పెట్టుకోమంటది. ఆ పనోడు రేపు పక్క దుకాణానికి పోతే నీ గల్లాల ఏముంటది?

ఈ పనిల తెలివి మస్తు కావాలె. కుక్క గోరు లోపల నెత్తురు నరం ఉంటది, జర లోతుకు కోస్తే నెత్తురు ఆగది. జర్మన్ షెపర్డ్, హస్కీ అసొంటి రెండు పొరల బొచ్చు కుక్కకు ఎండాకాలమని గుండు గీకొద్దు, ఆ బొచ్చే దాన్ని ఎండ నుంచి కాపాడతది. పగ్ ముక్కు చప్పిడిగ ఉంటది, వేడి డ్రయ్యర్ ముంగట ఎక్కువసేపు ఉంచితే ఊపిరాడక పాణం పోతది. జడలు కట్టిన బొచ్చును గుంజితే చర్మం చినుగుతది. గోమార్లు పట్టిన కుక్కను మిగతా కుక్కలతోని కలపొద్దు. ఎడ్లకు చిక్కం కట్టినట్టు, కరిచే కుక్కకు మూతిజాలి కట్టుడు నేర్చుకోవాలె. రేబిస్ టీకా కార్డు చూడకుంట ఏ కుక్కనూ ముట్టొద్దు. పని చేసే మనిషి గూడ ముందుగాలనే డాక్టర్‌ను అడిగి రేబిస్ టీకాలు ఏయించుకోవాలె.

ఇంకోటి. చెవిల చీముందని, చర్మం మీద పుండుందని నువ్వే సూది ఇయ్యొద్దు, మందు రాయొద్దు. 1984 నాటి భారత వెటర్నరీ కౌన్సిల్ చట్టం ప్రకారం వైద్యం చేసేది రిజిస్టరైన డాక్టరే. కుక్కపిల్లలు గూడ అమ్మమని కంపెనీ చెప్తే, అది వేరే కథ. 2018 పెట్ షాప్ నియమాల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలె.

మరి ఏం చేయాలె?

వద్దని చెప్పి ఊకుంటే అది సలహా కాదు. అందుకే ఆ తమ్మునితోని ఇంకో లెక్క గూడ ఏసిన.

మూడు నుంచి ఆరు నెలలు హైదరాబాద్ల మంచి గ్రూమింగ్ దుకాణంల హెల్పర్‌గ చేరు. తక్కువ జీతమైనా పని చేతికొస్తది, గిరాకీతోని మాట్లాడుడు వస్తది. తర్వాత టౌన్ల చిన్న గది, లేకుంటే ఇంటికే పోయి చేసే పద్ధతి. బల్ల, తొట్టి, గీజరు, గాలి కొట్టే డ్రయ్యర్, మంచి క్లిప్పర్లు, కత్తెర్లు, అన్నీ కలిపి లక్షన్నర అనుకుందాం. కిరాయి 6 వేలు, కరెంటు 3, పెట్రోలు 3, లక్షన్నర లోనుకు మూడేండ్ల కిస్తీ దగ్గర దగ్గర 5 వేలు. మొత్తం 17 వేలు. కుక్కకు 600 తీస్కుంటే, షాంపూ ఖర్చు 80 పోను 520 మిగులుతది. 33 కుక్కలు వస్తే ఖర్చులు ఎల్లుతయి. 72 వస్తే చేతుల 20 వేలు మిగులుతయి. అక్కడ 146, ఇక్కడ 72. అక్కడ మునిగితే 10 గుంటలు పోతయి, ఇక్కడ మునిగితే లక్షన్నర పోతది, క్లిప్పర్లు అమ్ముకుంటే కొంత తిరిగొస్తది, చేతిల పని మిగుల్తది.

లోనుకు ముద్ర ఉన్నది. శిశు కింద 50 వేలు, కిశోర్ కింద 5 లక్షల దాక. జాగ తాకట్టు అక్కర్లేదు. బ్యాంకు మేనేజర్ పట్టా పాస్‌బుక్ అడిగితే ఎందుకో రాసి ఇయ్యమను. సేవల వ్యాపారం ఏడాదికి 20 లక్షల లోపుంటే మామూలుగ జీఎస్టీ రిజిస్ట్రేషన్ గూడ తప్పనిసరి కాదు.

అయినా ఫ్రాంచైజీనే కావాలంటే, సంతకానికి ముందు ఈ పనులు చేయి. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైటుల కంపెనీ ఎప్పుడు పెట్టిన్రు, డైరెక్టర్లు ఎవ్వలు చూడు. చిన్న ఫీజు కడితే బ్యాలెన్స్ షీటు గూడ చూడొచ్చు. ట్రేడ్ మార్క్ సైటుల ఆ బోర్డు మీది పేరు నిజంగ వాళ్లదేనా చూడు, అది ఉచితం. ఈ-కోర్ట్స్‌ల కంపెనీ పేరు మీద కేసులు వెతుకు. నడుస్తున్న దుకాణాలను కంపెనీ చూపెట్టినయి కాదు, నువ్వు ఎదికినయి ఐదింటికి పో. బందయిన రెండు దుకాణాల ఓనర్లను పట్టుకొని మాట్లాడు. బందయినోని మాటలనే అసలు సంగతి ఉంటది. నోటితోని చెప్పిన ప్రతి మాట కాగితం మీద రాయమను. రాయనంటే అది అబద్ధమని అనుకో.

బ్రాండ్ అంటే పట్నపు కంపెనీలే పెట్టాల్నా? ముల్కనూర్ల ఆడోళ్లు పాల సొసైటీ పెట్టుకొని స్వకృషి పేరుతోని పాలు అమ్ముతున్నరు. ఆ పేరు వాళ్లు కొనలే, వాళ్లే పుట్టించిన్రు. నాలుగు టౌన్ల నలుగురు పోరలు పని నేర్చుకొని, ఒక్క పేరు పెట్టుకొని, షాంపూ కలిసి హోల్‌సేల్ల కొని, ఒకరు లేని రోజు ఇంకొకరు చేసుకుంటే అది గూడ బ్రాండే. రాయల్టీ ఢిల్లీకి పోదు.

ఈ లెక్కలన్నీ వాళ్ల బాపు ముంగట గూడ చెప్పినం. ఆయన ఎక్కువ మాట్లాడలే. "బయానా తిరిగిస్తే నలుగుట్ల మాటొస్తది" అన్నడు. తర్వాత తిరిగిచ్చిండు. కొనేటోడు మస్తు తిట్టిండట. తమ్ముడు ఇప్పుడు హైదరాబాద్ల ఒక గ్రూమింగ్ దుకాణంల పనికి కుదిరిండు, నెలకు 12 వేలు. మొదటి వారమే ఒక పొమేరియన్ చెయ్యి కరిచిందని ఫోన్ చేసిండు. టీకాలు ముందే ఏయించుకున్నడు. మల్ల సూదులు కావాలా అంటే డాక్టర్‌ను అడగమని చెప్పిన, ఆ రోజే పోయిండు.

ఆరు నెలల తర్వాత సొంతంగ పెడతడా, ఫ్రాంచైజీ తీస్కుంటడా, ఈ పనే వద్దనుకుంటడా, అది ఆయన ఇష్టం. ఏం చేసినా ఈసారి పని ఏందో తెల్సి చేస్తడు, ఆ 10 గుంటలు ఇంకా వాళ్ల పేరు మీదనే ఉన్నయి.

మీ దగ్గర గూడ అసొంటి అగ్రిమెంటు ఏదన్న ఉంటే, సంతకం పెట్టేముందు ఒక్కరితోనన్న సదివించుకోర్రి. మీ ఎమ్మెల్యే, ఎంపీ ఊర్లెకొచ్చి స్వయం ఉపాధి అని మాట్లాడినప్పుడు నిలబడి అడుగుర్రి: ఫ్రాంచైజీ అమ్మే కంపెనీ తన బందయిన దుకాణాల లెక్క చెప్పాలని చట్టం ఎప్పుడు తెస్తరు?